మంత్రిగారూ, వార్డులో ఊపిరి లెక్కపెట్టించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఆసుపత్రులలో స్టాఫ్ నర్సుగా, తరువాత హెడ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, వార్డులో రోగుల ఊపిరి లెక్కపెట్టించాలన్న ఇదే విషయం మీద ఇప్పటికి మూడు వినతిపత్రాలు ఇచ్చాను. మూడింటికీ ముద్ర వేసిన రసీదులు చేతికొచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఎవరినీ శిక్షించమని అడగడానికి కాదు.

నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి జనరల్ వార్డులో నా తమ్ముడు న్యుమోనియాతో చేరాడు. మగవారి వార్డులో రాత్రిపూట ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి మంచం పక్కన నా మరదలు ఉంది. మూడో రాత్రి తొమ్మిదిన్నరకు ఆమె ఫోన్ చేసి, "వదినా, ఆయన నాలుగు మాటలు వరుసగా మాట్లాడలేకపోతున్నారు, నాకు భయంగా ఉంది" అన్నది. పొట్ట మీద అరచేయి ఆనించి, గోడ గడియారం చూస్తూ, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టమన్నాను. ఎడమ చేయి అతని పొట్ట మీద పెట్టి, పొట్ట లేచినప్పుడల్లా కుడి చేత్తో మందుల చీటీ వెనుక ఒక్కొక్క గీత గీసింది. ముప్ఫై నాలుగు గీతలు.

ఆ రాత్రి అరవై మందికి పైగా రోగులున్న ఆ వార్డులో సిస్టర్ ఒక్కరే ఉన్నారు. పిలిస్తే ఇంజెక్షన్ల ట్రే చేతిలో పట్టుకొనే వచ్చి, వేలికి ఆక్సీమీటర్ తగిలించి, "94 ఉందమ్మా, ఆక్సిజన్ పెట్టే ఉంది కదా, పొద్దున డాక్టరుగారు రౌండ్స్‌కు వస్తారు" అని చెప్పి పక్క మంచానికి వెళ్లారు. మరదలు మరో రెండుసార్లు వెళ్లి బతిమాలింది. తెల్లవారుజామున ఐదున్నరకు పరుగులు మొదలయ్యాయి. ఆరు దాటాక, ఉన్నట్టుండి గుండె ఆగిపోయిందని చెప్పారు.

ఆ "ఉన్నట్టుండి" అన్న మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. తరువాత కేస్ షీట్ నకలు తీసుకుని చూస్తే, జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టులో జ్వరం మారుతూ ఉంది, నాడి మారుతూ ఉంది, శ్వాస గడిలో మాత్రం మొదటి రోజు నుంచి చివరి రాత్రి దాకా 20, 20, 20, 20. దానికి డ్యూటీలో ఉన్న ఆ సిస్టర్‌ను నేను తప్పుపట్టను. చేతి నిండా పని ఉన్న రాత్రులలో నేను కూడా లెక్కపెట్టకుండానే ఆ గడిలో 20 వేసిన సందర్భాలున్నాయి, అది ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు. జ్వరానికి, బీపీకి పరికరం ఉంది. ఊపిరికి మాత్రం మనిషి నిలబడి నిమిషం సేపు చూడాలి. అరవై మందికి నిమిషం చొప్పున గంట పడుతుంది, ఒక్క మనిషికి ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం మీకు తెలియనిది కాదు.

ఒంట్లో పరిస్థితి చెడుతున్నప్పుడు చాలామందిలో ముందు ఊపిరి వేగం పెరుగుతుంది, నాడి పెరుగుతుంది. బీపీ పడిపోయేది చివరికి. ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంటే ఆక్సీమీటర్ అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరు పద్ధతి (ఒక్కో అంకె మామూలు నుంచి ఎంత తప్పితే అంత ఎక్కువ స్కోరు) ప్రకారం, చార్టులోని అంకెలకు మరదలి లెక్కను కలిపి కాగితం మీద వేసి చూశాను. శ్వాస 34కు మూడు, ఆక్సీమీటర్ 94కు ఒకటి, ఆక్సిజన్ మీద ఉన్నందుకు రెండు, నాడి 118కి రెండు, 101 డిగ్రీల జ్వరానికి ఒకటి, బీపీ పై అంకె 116కు సున్నా. మొత్తం తొమ్మిది. ఐదు వస్తే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి, ఏడు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అత్యవసర బృందం రావాలి అంటుంది ఆ పద్ధతి. చార్టులో ఉన్న 20తో అదే కూడిక వేస్తే ఆరు వస్తుంది. అంటే రాసిన అంకెల ప్రకారమే చూసినా, ఆ రాత్రి ఒక డాక్టరు మంచం దగ్గరికి రావలసింది.

అయ్యా, ఇది కొత్త సంగతి కాదు. వార్డులో గుండె ఆగిన 64 మంది రోగుల రికార్డులు చూసిన ఒక అమెరికన్ అధ్యయనం, వారిలో 84 శాతం మందిలో అంతకుముందు ఎనిమిది గంటలలోపే పరిస్థితి దిగజారిన గుర్తులు నమోదయ్యాయని 1990లోనే చెప్పింది. నా తమ్ముడికి కూడా ఎనిమిది గంటల వ్యవధి ఉంది.

గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఉస్మానియాకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినప్పుడు సంతోషించిన వారిలో నేనూ ఉన్నాను. భవనాలు కట్టండి, తప్పకుండా కట్టండి. కానీ నేను అడిగేదానికి ఏ టెండరూ అక్కరలేదు. ప్రతి మంచానికీ స్కోరు వేసే ఒక కాగితం, ఇంత స్కోరు వస్తే ఇన్ని నిమిషాల్లో ఫలానా డాక్టరు రావాలని రాతపూర్వకమైన ఉత్తర్వు, రాత్రి డ్యూటీకి ఇంకొంతమంది సిస్టర్లు. పిలిచిన సిస్టర్‌ను "ఇంత చిన్నదానికి నిద్ర లేపుతావా" అని ఎవరూ కసరకూడదని కూడా అందులో రాయించండి. పిలవడానికి భయపడిన రాత్రులు నాకు తెలుసు.

మరొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇంగ్లండ్‌లో 2024 నుంచి అమలులోకి వచ్చిన మార్తా నియమం ప్రకారం, తమ మనిషి పరిస్థితి చెడుతోందని అనిపిస్తే కుటుంబ సభ్యులే నేరుగా మరో వైద్య బృందాన్ని పిలిపించుకోవచ్చు. మన వార్డులలో రాత్రంతా కళ్లలో వత్తులు వేసుకుని కూర్చునేది ఇంటివాళ్లే. "నా మనిషి నిన్నటిలా లేడు" అని వాళ్లు చెప్తే వినే ఒక్క ఫోన్ నంబరు గోడ మీద రాయించండి. నా మరదలు మూడుసార్లు చెప్పింది. ఆమె మాట వినే వీలు ఎవరికైనా కల్పించండి.

కేస్ షీట్ నకలు మీ కార్యాలయానికి ఇదివరకే మూడుసార్లు జతపరిచాను. ముప్ఫై నాలుగు గీతలున్న మందుల చీటీ అసలు ప్రతి మాత్రం నా దగ్గరే ఉంది. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు తీసుకుని వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
పదవీ విరమణ చేసిన ఒక హెడ్ నర్సు,
హైదరాబాద్