మన రేంజర్స్ అభిమానుల సంఘం – 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక మీ చేతికి అందాలి. అందుకే 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు జరిగిన పనులు ఇక్కడ పెడుతున్నాను. సంఘం ఉద్దేశాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ ఏకరువు పెట్టను. మన బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ సంగతీ తెలిసిందే: 81 గెలుపులు, 81 ఓటములు. పిచింగ్ చూస్తే ఈఆర్ఏలో (పిచర్లు తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చే పరుగుల లెక్కలో) మేజర్ లీగ్ మొత్తానికీ ముందుంది, బ్యాటింగ్ చూస్తే నీరసం. బ్రూస్ బోచీ వెళ్లిపోయి స్కిప్ షూమేకర్ మేనేజరుగా వచ్చారు. మన సభల్లో గొంతులు లేవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ముందుగా కృతజ్ఞతలు. ప్రతి సభకూ పులిహోర, మిర్చి బజ్జీలు పంపిన ప్లేనో కుటుంబాలకు, ప్రొజెక్టరు మోసుకొచ్చి మళ్లీ మోసుకెళ్లిన అర్వింగ్ సభ్యులకు, ఆర్లింగ్టన్‌లో పార్కింగ్ ఖర్చు తగ్గేలా కార్లు కలిపి నడిపిన వారికి, ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆటకు పిల్లలను తీసుకెళ్లిన తల్లులకు పేరుపేరునా ధన్యవాదాలు. ఆ ఆటకు వెళ్లడం వినోదానికి మాత్రమే కాదు. ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో, ఇచ్చేసే కుర్రాళ్లు కొందరు ఆడేది రేంజర్స్‌కు కింది స్థాయిదైన ఆ డబుల్-ఎ జట్టులోనే. అక్కడ చూసిన మిచ్ బ్రాట్ పేరు జులై ఆఖర్లో వార్తల్లోకి రాగానే పిల్లలు పెద్దలకంటే ముందు గుర్తుపట్టారు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది జులై 31 ట్రేడ్ గడువు సభ. గతంలో ఇలాంటి సభ అంటే "వాణ్ణి అమ్మేయాలి, వీణ్ణి కొనాలి" అనే కేకలే. ఈసారి కార్యవర్గం ఒక షరతు పెట్టింది. ట్రేడ్ ప్రతిపాదించేవారు ముందు పేరోల్ షీటు (జట్టు జీతాల లెక్క పట్టిక) నింపాలి, నింపని ప్రతిపాదన చర్చకు రాదు. కొందరు అలిగారు కానీ చర్చ స్థాయి ఎక్కడికో వెళ్లింది.

షీటు నింపేటప్పుడు ఎక్కడెక్కడ బోల్తా పడ్డారో రాస్తున్నాను, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. మొదటిది జీతం గడి. అందులో రాయాల్సింది ఆ ఏడాది చేతికందే జీతం కాదు, మొత్తం ఒప్పందాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు. మన పిచర్ జేకబ్ డిగ్రామ్‌ది 5 ఏళ్లకు 185 మిలియన్ డాలర్లు, అంటే సగటు 37. 2023లో ఆయన జీతం 30 మిలియన్లే అయినా లగ్జరీ టాక్స్ (జీతాల మొత్తం పరిమితి దాటితే జట్టు కట్టే పన్ను) లెక్కలో పడింది 37. జీతమే వేసుకున్నవారికి 7 మిలియన్లు ఊరికే మిగిలినట్టు కనిపించాయి. కోరీ సీగర్‌కు 10 ఏళ్లకు 325, సగటు 32.5. ఈ ఇద్దరితోనే 70 మిలియన్లకు అర మిలియన్ తక్కువ.

రెండోది ఎక్కువమంది మరిచిపోయేది. 2025 పరిమితి 241 మిలియన్లు. అందులోంచి ఆటగాళ్ల ఆరోగ్య బీమా, పెన్షన్ వంటి వాటి కింద ప్రతి జట్టుకూ సుమారు 17 మిలియన్లు ముందే పోతాయి. కుర్ర ఆటగాళ్ల బోనస్ నిధి 50 మిలియన్లలో 30 జట్లూ సమంగా పంచుకునే వాటా 1.67. అంటే మన చేతిలో మిగిలేది సుమారు 222 మాత్రమే. దానిలోనూ మైదానంలో కనిపించే 26 మందినే కాదు, 40 మంది జాబితాలో మిగతావారినీ లెక్కపెట్టాలి. ఒకరిని తెస్తున్నామంటే ఆ జాబితాలో చోటు ఖాళీ చెయ్యాలి. ఎవరిని తీసేస్తున్నారో రాయని షీట్లు వెనక్కి పంపాం.

పన్ను పడేది దాటిన మొత్తం మీదే. మొదటి ఏడాది 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. ఒక్క ఏడాది గీత లోపల ఉంటే మళ్లీ 20కి వస్తుంది. రేంజర్స్ 2023లోనూ 2024లోనూ దాటారు కాబట్టి 2025లో 10 మిలియన్లు దాటితే 5 మిలియన్ల పన్ను. 20 మిలియన్లు దాటినప్పటి నుంచి అదనపు వడ్డన, 40 దాటితే డ్రాఫ్టులో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి ఎంపిక 10 స్థానాలు వెనక్కి. యజమాని పిసినారి అని తిట్టే ముందు ఈ లెక్క వేసుకోండి. వేసుకున్నాక కూడా తిట్టాలనిపిస్తే అది మీ హక్కు.

గడువు రోజు అసలు ట్రేడ్ అరిజోనా పిచర్ మెరిల్ కెల్లీది. 2023 వరల్డ్ సిరీస్ రెండో ఆటలో మన బ్యాటర్లను కట్టిపడేసింది ఈయనే. ఆయన కోసం అరిజోనాకు ముగ్గురు పిచర్లను, అంటే కోల్ డ్రేక్, బ్రాట్, డేవిడ్ హేగమన్‌లను ఇచ్చారు. జీతం 7 మిలియన్లు. సీజన్‌లో మూడో వంతే మిగిలింది కనుక మనకు పడే భారం రెండున్నర మిలియన్ల లోపే. డబ్బు లెక్కలో చవక, కుర్రాళ్ల లెక్కలో ఖరీదు. సీజన్ అయ్యాక కెల్లీ అరిజోనాకే తిరిగి వెళ్లారు. 2023లో జోర్డాన్ మాంట్‌గోమరీని ఇలాగే తెచ్చినప్పుడు కప్పు వచ్చింది కదా అని ఒక వర్గం వాదన. అప్పుడు మనం మొదటి స్థానంలో ఉండి కొన్నాం, ఈసారి వైల్డ్ కార్డ్ (మొదటి స్థానం రాని జట్లకు ప్లేఆఫ్స్‌లో దక్కే చోటు) ఆశతో కొన్నాం. రెండూ ఒకటి కావని నా అభిప్రాయం.

వాయిదా జీతాల మీద చర్చ ఆ రోజు అన్నింటికంటే వేడిగా సాగింది. ఓటానీ 700 మిలియన్లలో 680 తర్వాత తీసుకుంటారు, అందుకే డాడ్జర్స్ పన్ను లెక్కలో ఏడాదికి 46 మిలియన్లే పడుతుంది. మనమూ అలా చేయొచ్చు కదా అన్నారు. ఇది అప్పు చేసి పప్పుకూడు అని పాత సభ్యులు గుర్తు చేశారు. ఎ-రాడ్‌కు (అలెక్స్ రోడ్రిగెజ్) 2000 డిసెంబరులో 10 ఏళ్లకు 252 మిలియన్లు రాసిచ్చి, మూడు సీజన్లూ డివిజన్‌లో అట్టడుగున నిలిచి, 2004లో యాంకీస్‌కు పంపేశాం. 2010లో ఫ్రాంచైజీ దివాలా కోర్టుకెక్కినప్పుడు తాకట్టు లేని అప్పులవాళ్ల జాబితాలో మొదటి పేరు ఆయనదే, కారణం వాయిదా జీతమే. ఇక ఖర్చు పెడితే గెలుస్తామా అంటే, సోటోకు 765 మిలియన్లు ఇచ్చిన మెట్స్ 2025లో ప్లేఆఫ్స్‌కే రాలేదు, చిన్న పేరోల్‌తో మిల్వాకీ 97 గెలిచింది. అయినా చివరికి కప్పు డాడ్జర్స్‌దే. ఈ వాదన తేలదు, తేల్చాలని కార్యవర్గం ప్రయత్నించలేదు కూడా.

నవంబరు సభలో మన సీమియన్‌ను మెట్స్‌కు ఇచ్చి నిమ్మోను తెచ్చుకున్న మార్పిడి చర్చకొచ్చింది. సీమియన్‌కు మిగిలింది 3 ఏళ్లు, 72 మిలియన్లు. నిమ్మోకు 5 ఏళ్లు, 101 చిల్లర. ఏడాది సగటు తగ్గింది, మొత్తం బరువు పెరిగింది. నిమ్మో ఒప్పందంలో ట్రేడ్ నిరాకరించే హక్కు ఉంది, ఆయన దాన్ని వదులుకుంటేనే ఇది జరిగింది. షీటులో ఆ గడి ఉన్నది ఇందుకే. ఒప్పందంలో లేకపోయినా, పదేళ్ల సర్వీసు ఉండి చివరి అయిదేళ్లు ఒకే జట్టుతో ఉన్నవారికి ఆ హక్కు దానంతటదే వస్తుంది. 2026 సీజన్ పూర్తయితే సీగర్‌కూ వస్తుంది, కాబట్టి ఆయన పేరు రాసేవారు తేదీ చూసుకోండి. అడోలిస్ గార్సియాను ఊరికే వదిలేసే బదులు ట్రేడ్ చేయాల్సింది అని చాలామంది అన్నారు. టెండర్ గడువుకు (వచ్చే ఏడాదికి ఒప్పందం ఇస్తారో లేదో తేల్చే తేదీకి) ముందు వదిలేస్తారని తెలిశాక ఇంకో జట్టు ఎదురు ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకుంటుంది? బేరం ఏడాది ముందు పెట్టాల్సింది.

ఇప్పుడు చేదు సంగతులు. జులై 31 గురువారం, గడువు మన టైములో సాయంత్రం 5 గంటలు. ఆఫీసుల ఇబ్బంది కార్యవర్గానికీ ఉంది. కానీ షీటును ఎప్పటికప్పుడు సరిచేస్తామని జూన్‌లో చేతులెత్తినవారిలో ఆ రోజు వచ్చింది ఒక్కరే. ట్రేడ్ వార్త ముందొస్తుంది, ఎవరెవరు మారారన్నది తర్వాత తెలుస్తుంది, వైద్య నివేదికలు చూసుకున్నాకే ఖరారవుతుంది. ఈ మూడు దశల్లోనూ గడులు మార్చడం ఒక్కరితో అయ్యే పని కాదు. వాట్సాప్ గ్రూపులో రాత్రి రెండింటికి జనరల్ మేనేజరును తిట్టే ఓపిక ఉన్నవారికి సాయంత్రం రెండు గంటల ఓపిక లేకపోవడం విచిత్రం. హాలు ఇచ్చిన కార్యాలయంవారు రాతపూర్వకంగా తొమ్మిది వరకు ఒప్పుకుని ఎనిమిదికే దీపాలు ఆర్పేశారు. మూడు ఈమెయిళ్లకు జవాబు లేదు. మిగతా చర్చ పార్కింగ్ స్థలంలో నిలబడి ముగించాం.

జమాఖర్చులు: సభ్యత్వ రుసుములు, టికెట్ల వసూళ్లు వచ్చాయి, హాలుకూ తిండికీ టికెట్లకూ ఖర్చయ్యాయి, స్వల్పంగా మిగిలింది. కోశాధికారి గారి పట్టిక వెనక పేజీలో ఉంది, ప్రశ్నలు వారినే అడగగలరు.

2026లో పరిమితి 244 మిలియన్లు. ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ ఉన్న ఒప్పందం డిసెంబరు 1న ముగుస్తుంది, జీతాలకు గట్టి పరిమితి పెట్టాలన్న వాదన అప్పటికి ముదురుతుంది. అందుకని శరదృతువులో దీనికోసమే ఒక సభ పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. షీటుకు ఇద్దరు కావాలి: ఒకరు ఒప్పందాల గడులకు, ఒకరు 40 మంది జాబితాకు. ఎక్సెల్ వస్తే చాలు, మిగతాది నేర్పుతాం. పేర్లు సమావేశంలోనే ఇవ్వండి, జులైలో కాదు.

ఇట్లు,
కార్యదర్శి