శనివారం మన ఆన్‌లైన్ 3డి లోకం టూర్ మధ్యలో నేనెందుకు మాయమయ్యానంటే

అందరికీ సలాం, నమస్తే. నెట్ పోయిందా అని అడిగారు. పోలేదు.

మీరంతా ముందుకెళ్లాక నేను ఆ బీచ్ డాన్స్ ఫ్లోర్ దగ్గర ఆగాను. నా అవతార్‌కి, అంటే తెర మీద నా బదులు తిరిగే బొమ్మకి, హిజాబ్ ఉంటుందని మీకు తెలుసు, బయట ఎలా ఉంటానో అక్కడా అంతే. ఒకడు వచ్చి "బ్యాగులో బాంబుందా?" అని టైప్ చేశాడు. అసలు నాకు బ్యాగే లేదు! ఇంకో ఇద్దరు చేరి, చుట్టూ తిరుగుతూ తోయడం మొదలుపెట్టారు. చివరికి ఆ స్థలం ఓనర్ "గొడవలొద్దు" అంటూ బ్యాన్ చేశాడు. వాళ్ళని కాదు, నన్ను.

బొమ్మే కదా అనొచ్చు. కీబోర్డు మీద చేతులు మాత్రం నిజంగానే వణికాయి.

2007లో సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఇస్లామ్‌ఆన్‌లైన్ వెబ్‌సైట్ వాళ్ళు మక్కా నమూనా కట్టారు. హజ్‌లో తవాఫ్, అంటే కాబా చుట్టూ తిరగడం, ఎలా చేయాలో అప్పట్లో ముందే అవతార్‌తో నేర్చుకునే వీలుండేది. ఇలాంటి లోకాల మీద నాకు ఆశ పుట్టింది అది చదివాకే.

వచ్చే శనివారం వస్తాను, హిజాబ్‌తోనే. మళ్ళీ ఎవడైనా మొదలుపెడితే వాదించకండి. స్క్రీన్‌షాట్ తీయండి, చాట్ సేవ్ చేయండి, అందరూ రిపోర్ట్ కొట్టండి. బట్టల షాపులో నేనెంత లేటు చేసినా సరే, నన్నొక్కదాన్నే వదిలి వెళ్లకండి.