ట్రెంటన్ అట్ట ఇంటికొచ్చింది, అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా "ట్రెంటన్ అట్ట ఎవరి దగ్గరైనా ఉందా?" అని కనిపించినవాళ్లనల్లా విసిగించిన మల్కాపురం మనిషిని నేనే. మొన్న శుక్రవారం కవర్లో వచ్చింది.

నేను పోగేసేది అమెరికా నేవీ ఓడల పాత మ్యాచ్‌బుక్ అట్టలు. మ్యాచ్‌బుక్ మన అగ్గిపెట్టెలా డబ్బా కాదు. మడత అట్టలో 20 అట్టపుల్లలు, కింద ఒక పిన్ను, పైన ఓడ పేరు. పుల్లలు అయిపోగానే పారేసేవి కాబట్టే ఇప్పుడు దొరకవు.

ట్రెంటన్ మీదే ఇంత పిచ్చి ఎందుకంటే, మన విశాఖలోని ఐఎన్‌ఎస్ జలాశ్వ పాత పేరు అదే. 1971లో అమెరికా నేవీలో చేరిన ఓడను 2007లో మనవాళ్లు తీసుకున్నారు. మా నాన్న రిటైరయ్యేలోపు డాక్‌యార్డ్‌లో దాని మీద పనిచేశారు.

పోయినేడు ఆన్‌లైన్‌లో ట్రెంటన్ అని కనబడగానే ముందూ వెనకా చూడకుండా కొనేశాను. ఈ అట్టల సంగతి బాగా తెలిసిన హైదరాబాద్ మాస్టారు ఫోటో చూసి నవ్వారు. "బాబూ, ఇది సీఎల్-11 నంబరు ఓడ, రెండో ప్రపంచ యుద్ధం నాటి క్రూయిజర్. నీక్కావాల్సింది ఎల్‌పీడీ-14 నంబరుది." పేరొకటే, ఓడలు వేరు! మాస్టారూ, ఆ ఒక్క ముక్క చెప్పకపోతే ఇంకో రెండు తప్పువి కొనేవాణ్ణి.

ఇక అమెరికాలోని నార్ఫోక్‌లో ఉండే గాజువాక అక్క. మాకు చుట్టరికం లేదు, ఊరి అభిమానమంతే. వాళ్ల వీధి చివర ఉండే రిటైర్డ్ నావికుడు ఆ ఓడలో పనిచేశారని తెలిసి వెళ్లి అడిగింది. ఆయన బిస్కెట్ల డబ్బాలోంచి తీసిచ్చారట. డబ్బులిస్తానంటే వద్దని, "ఆ ఓడ ఇంకా తిరుగుతోందా?" అని అడిగారట. తిరుగుతోందని చెప్పి, నేవీ డే రోజు బీచ్‌లో నేను తీసిన జలాశ్వ ఫోటో చూపించింది అక్క.

పుల్లలతో పోస్టులో పంపకూడదు. వీడియో కాల్‌లో మాస్టారు దగ్గరుండి అక్కచేత తీయించారు: "కత్తి పెట్టకమ్మా, మొదట వెనక పిన్ను కాళ్లు నిలబెట్టు, తర్వాత మెల్లగా లాగు." (నేను ఒకసారి కత్తి పెట్టే ఒక మంచి అట్ట చింపుకున్నాను. ఆ సంగతి వదిలేయండి.) రెండు రోజులు లావుపాటి పుస్తకం కింద పెట్టి, చదునయ్యాక పంపింది.

పుల్ల గీసే పట్టీ ముందువైపే ఉంది. అమెరికాలో 1978 నుంచి రూలు ప్రకారం వెనకవైపే ఉండాలి. అంటే ఇది ఆ ఓడ తొలి రోజులదే. పిన్ను ఉన్నచోట రెండు తుప్పు చుక్కలున్నాయి, వాటిని తుడవను.

నాన్నకి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "దీని కోసమా రెండేళ్లు?" అన్నారు. అన్నారేగానీ, ఆల్బమ్‌లో పెట్టబోతే రెండు రోజులు టేబుల్ మీదే ఉండనీ అన్నారు.

అక్కా, మాస్టారూ, ఆ నావికుడు తాతగారూ, మీ రుణం తీరేది కాదు. క్రూయిజర్ ట్రెంటన్ అట్ట ఎవరికైనా కావాలంటే చెప్పండి, పోస్టు ఖర్చు కూడా నాదే.