పిల్లవాడి పేరు ఫాంచ్ కాదు, ఫాఁష్

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ వింతల శీర్షికలో, పిల్లవాడి పేరు మీద ఒక వంకర గీత కోసం కోర్టుకెక్కిన ఫ్రెంచి దంపతుల కథ వేశారు. యానాంలో పుట్టి, చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ని కనుక చదివి ఊరుకోలేకపోయాను. మొదట కోర్టుకు వెళ్లింది ఆ దంపతులు కాదు, ప్రభుత్వ న్యాయవాది. పేరు కూడా మీరు వేసినట్టు ‘ఫాంచ్’ కాదు, ఫాఁష్.

ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న బ్రిటనీలో ఫ్రెంచి శాఖకు చెందని బ్రెటన్ అనే సెల్టిక్ భాష ఉంది. ఫ్రెంచివారి ఫ్రాన్స్వా ఆ భాషలో ఫ్రాఁసెజ్ అవుతుంది. ముద్దుగా పిలిస్తే ఫాఁష్. వెంకటేశ్వర్లును మనం వెంకన్న అన్నట్టే. ఆడపిల్లయితే స్వాజ్. బ్రిటనీలో ఇది అందరికీ తెలిసిన పేరే, ఆ ఎల్లలు దాటితే అరుదు. ఇక గొడవంతా నడిచిన ఆ గీత ‘ఎన్’ అక్షరం నెత్తిన కూర్చుంటుంది. స్పానిష్‌లో అదే గీత ‘ఞ’ ధ్వనినిస్తుంది. బ్రెటన్‌లో మాత్రం ఆ ‘ఎన్’ పలకదు, ముందున్న అచ్చును ముక్కుతో పలికిస్తుంది. అంటే అచ్చంగా మన అరసున్న. వాఁడు, మూఁడు అని రాసిన పెద్దల తర్వాత మనం దాన్ని అటక మీద పడేశాం, వాళ్లు ఇంకా పలుకుతున్నారు. ఫ్రెంచివారికీ ఈ ముక్కు పలుకు కొత్తదేమీ కాదు. మా యానాం చివరి సున్నను కూడా వాళ్లు తమ పద్ధతిలో ముక్కుకెక్కించి ‘యానఓఁ’ అని రాసుకున్నారు.

2017 మే నెలలో కెంపేర్ పట్టణంలో ఒక బాబు పుట్టాడు. పురపాలక సిబ్బంది మొదట కాదన్నా, తర్వాత గీతతోనే పేరు రాశారు. 2014 నాటి ప్రభుత్వ సర్క్యులర్‌లో అనుమతించిన గుర్తుల పట్టికలో అది లేదంటూ ప్రభుత్వ న్యాయవాది అడ్డుపడ్డాడు. సెప్టెంబరులో స్థానిక కోర్టు ఆయన మాటే నిలబెట్టింది. ఈ గీతను ఒప్పుకుంటే దేశ ఐక్యతను కాపాడాలన్న సంకల్పానికి భంగమట! తల్లిదండ్రులు అప్పీలు చేశారు. 2018 నవంబరులో రెన్ నగరంలోని అప్పీలు కోర్టు, ఈ గుర్తు ఫ్రెంచికి తెలియనిదేమీ కాదనీ, నిఘంటువుల్లోని మాటల్లోనే కనిపిస్తుందనీ చెప్పి పేరును నిలిపింది. ప్రభుత్వ పక్షం పై కోర్టుకు వెళితే 2019 అక్టోబరులో సాంకేతిక కారణంతో ఆ పిటిషన్ వీగిపోయింది.

మీ వార్తలో లేని అసలు వింత ఈ పేరు అర్థంలో ఉంది. ఫ్రాన్స్వాకు మూలం లాటిన్‌లోని ఫ్రాన్సిస్కస్. ఆ మాటకు ఫ్రాంకు జాతివాడు, ఫ్రెంచివాడు అని అర్థం. ‘ఫ్రెంచివాడు’ అని పేరు పెట్టుకున్న పసివాడి వల్ల ఫ్రాన్సు ఐక్యతకు ముప్పు వచ్చిందన్నమాట! 1532లో బ్రిటనీని ఫ్రాన్సులో కలిపిన రాజు పేరు ఏమిటి? మొదటి ఫ్రాన్స్వా. 1539లో న్యాయ పత్రాలన్నీ ఫ్రెంచిలోనే రాయాలని శాసించినదీ ఆయనే. బ్రెటన్ పల్లెలో పుట్టి ఉంటే ఆయన్నీ వాళ్ల అమ్మ ఫాఁష్ అనే పిలిచేది. ఆ కాలపు ఫ్రెంచి అచ్చు పుస్తకాల్లో ‘ఎన్’ రాయడానికి బద్ధకించి, ముందున్న అచ్చు మీద ఇదే వంకర గీత గీసేవారు కూడా.

పేర్ల మీద అక్కడి ప్రభుత్వానికి ఈ పట్టింపు ఇప్పటిది కాదు. 1803 నాటి చట్టం ప్రకారం క్యాలెండర్లలో ఉన్న పేర్లు, పురాతన చరిత్రలోని ప్రసిద్ధుల పేర్లు మాత్రమే పెట్టాలి. బ్రెటన్ పేర్లు పెట్టినందుకు ఒక కుటుంబంలోని కొందరు పిల్లలు ఏళ్ల తరబడి అధికారిక గుర్తింపు లేకుండా పెరిగారు. 1966లో పట్టు కాస్త సడలింది. 1993 నుంచి తల్లిదండ్రులకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, బిడ్డకు హాని చేసే పేరైతేనే జడ్జి కలగజేసుకుంటాడు. కూతురికి నుటెల్లా అని పెట్టినవారిని ఆపడం సబబే, రొట్టె మీద పూసుకునే పదార్థం పేరుతో ఆ పిల్ల బడికెలా వెళుతుంది? ఫాఁష్‌కు అలాంటి బాధ లేదు. బ్రిటనీలో రచయితలు, పాత్రికేయులు ఆ పేరుతో పరువుగా బతికారు.

ఆ గీత చిక్కు మాత్రం అక్కడితో తీరలేదు. ప్రాంతీయ భాషల గుర్తులను జనన పత్రాల్లో అనుమతిస్తూ 2021 ఏప్రిల్‌లో పార్లమెంటు ఆమోదించిన నిబంధనను, గణతంత్రపు భాష ఫ్రెంచి అన్న రాజ్యాంగ వాక్యాన్ని చూపి రాజ్యాంగ మండలి మే నెలలో కొట్టేసింది. తర్వాత పుట్టిన మరికొందరు ఫాఁష్‌లకూ తిప్పలు తప్పలేదు. దీన్ని వింతల శీర్షికలో కాక అంతర్జాతీయ పేజీలో వేసి ఉండాల్సింది.

మళ్లీ ఈ వార్త వేసినప్పుడు దయచేసి అరసున్న పెట్టండి. ఆ అక్షరం కంప్యూటరులో లేదనకండి, ఈ ఉత్తరం మా మనవరాలు కంప్యూటరులోనే టైపు చేసింది.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
యానాం