లాడ్జిలో మా చిట్టి

రాయగడ,
ఆదివారం

ఒసే బుజ్జీ,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని అలిగి ఉంటావు. అలగకే, నిజంగా తీరిక చిక్కలేదు. అత్తయ్యగారు కులాసా, పిల్లాడి పరీక్షలు అయిపోయాయి. ఇక్కడ రైల్వే డివిజన్‌కి శంకుస్థాపన అని 2025 జనవరిలో పేపర్లో చూశామే, ఇప్పుడు ఆయన్ని జయపురం నుంచి ఇక్కడికే వేశారు. క్వార్టర్ ఇంకా చేతికి రాలేదు, లాడ్జిలో ఉన్నాం. అవన్నీ తర్వాత. ముందు మా పిల్లి చిట్టి సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

అదెంత పిరికిదో నీకు తెలుసుగా, కుక్కర్ కూతకే బియ్యం డబ్బా వెనక దూరుతుంది. దాన్ని పెట్టుకుని కొరాపుట్ ఘాటీ ఎక్కాలి! పశువుల డాక్టరు చెప్పినట్టు పొద్దున్న తిండి పెట్టలేదు, కడుపు ఖాళీగా ఉంటే వాంతులు తగ్గుతాయి. బుట్ట మీద నా పాత చీర కప్పాను. అయినా మొదటి మలుపులోనే ఏడుపందుకుంది. లక్ష్మీపూర్ దాటేసరికి నోరు తెరిచి రొప్పుతోంది. పిల్లి అలా రొప్పిందంటే బాగా హడలిపోయిందన్నమాటే. కారు నీడకి ఆపించా గానీ బుట్ట తలుపు మాత్రం తియ్యలేదు. ఆ కొండల్లోకి దూకితే ఇంకేం దొరుకుతుంది?

మొదటి లాడ్జివాడు బుట్ట చూడగానే 'పిల్లా? అచ్చిరాదు' అనేశాడు. ఎంత మండిందో! రెండోచోట మేనేజరు ఒడియా పెద్దాయన. చీర కాస్త ఎత్తి చూసి, 'బెదిరిపోయిందమ్మా, మూల గది తీసుకోండి, మెట్ల చప్పుడు ఉండదు' అన్నాడు. ఆయనకి దండం పెట్టాలనిపించిందే.

ముందు బాత్రూములోనే వదిలా. ఇంట్లో వాడిన ఇసక ట్రేనే పెట్టా, తన వాసన ఉంటే ధైర్యం కదా. మంచం కింద సందులన్నీ దిళ్లతో కుక్కి, అప్పుడు గదిలోకి రానిచ్చా. ఇంతలో నీళ్ల బాటిల్ తెచ్చిన రూమ్ బాయ్ తలుపు దబదబా బాదాడు. అంతే, మాయం!

బీరువా వెనక లేదు, కర్టెన్ చాటున లేదు. పిల్లాడు ఒకటే ఏడుపు. తలుపు ఎవర్నీ తియ్యనివ్వలేదు నేను. చివరికి టార్చి వేసి చూస్తే, మంచం చెక్కకి అడుగున కొట్టిన గుడ్డ ఓ మూల చిరిగి ఉంది, అందులోంచి తోక కొస! లోపల చెవులు నెత్తికి అంటుకుపోయి, గోళ్లన్నీ దారాల్లో దిగబడి... అబ్బ, తలుచుకుంటే ఇప్పటికీ... ఆయన లాగేస్తానన్నారు, పడనివ్వలేదు. లాగితే ఇంకా లోపలికి పోతుంది, పైగా మనల్ని నమ్మడం మానేస్తుంది. లైటార్పించి నేలమీద పడుకున్నా. సూటిగా చూడకుండా, కళ్లు మెల్లగా మూస్తూ తెరుస్తూ... లెక్కల టీచరు క్లాసులో నువ్వు చేసేదానివే, అచ్చం అలా!

నవ్వకు. నాకు ఏడుపొచ్చింది. రెండ్రోజులు తినకపోతే పిల్లులకి లివరు దెబ్బతినొచ్చని డాక్టరన్న మాటే చెవుల్లో. స్టేషన్లో రైలు కూసినప్పుడల్లా ఆ గుడ్డ వణికేది.

తెల్లారగట్ల మోచేతికి తడిగా తగిలింది. దాని ముక్కు! నా గాజులకి చెంప రుద్ది, ఎండు నెత్తళ్లు కరకరా నమిలిందే బుజ్జీ! ఆ చప్పుడుకి ఆయన లేచి, 'ఏవే, ఎలకా' అని...

ఉండవే, క్వార్టర్ తాళాలు ఇస్తున్నారట, కింద హారన్ కొడుతున్నారు. దీన్ని మళ్లీ బుట్టలోకి ఎక్కించాలి. గుమ్మడికాయ వ్యవహారం ఏమైందో రాయి, మీ వదినకి మాత్రం చెప్పకు.

నీ
పెద్దజడ