మనవరాలి బొంత పూర్తయింది, సాయం చేసిన అందరికీ థ్యాంక్స్

అందరికీ నమస్తే. జనవరిలో ఐస్ పడ్డ రోజు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగిందని, బొంత సగంలో ఆగిపోయిందని రాస్తే ఎంతమంది ఫోన్లు చేసారో, ఎంతమంది ధైర్యం చెప్పారో... అప్పుడు ఎడమ చేత్తో ఒక్కొక్కరికీ రిప్లై ఇవ్వలేకపోయా. ఇప్పుడు చెయ్యి బాగైంది, మనవరాలు పుట్టి పద్దెనిమిది రోజులైంది, నిన్న దాన్ని మొదటిసారి ఆ బొంత మీద పడుకోబెట్టాం. అందుకే ఈరోజు తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. మాది బందరు పక్కన, ఇరవై ఏళ్ళ నుంచి అమెరికాలో, టెక్సాస్‌లోని ఆస్టిన్ దగ్గర ఉంటున్నాం. అమ్మాయి నీళ్ళోసుకుందని తెలిసిన రోజే బిడ్డకి నా చేత్తో బొంత కుట్టాలనుకున్నా. మా అమ్మమ్మ అయితే నాలుగు పాత నేత చీరలు మడతేసి పైనుంచి కిందదాకా ఒకటే కుట్టు కుట్టేసేది, అంతే. ఇక్కడి క్విల్టులో మూడు పొరలు, పైన ముక్కలు అతికిన బట్ట, మధ్యలో దూది పొర, అడుగున ఇంకో బట్ట. గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్ అని ఒక డిజైన్ ఉంది, మధ్యలో ఒక ఆరు పలకల ముక్క, చుట్టూ ఆరు ముక్కలు, కలిపితే పువ్వు. 1930ల్లో డబ్బులు కటకటగా ఉన్న రోజుల్లో ఇక్కడి ఆడవాళ్ళు మిగిలిన పూలబట్టల ముక్కలతో తెగ కుట్టారట. నేను మా అమ్మ పెడన కలంకారీ చీరలు రెండు తీసా, అడుగుకి ఆవిడ మంగళగిరి చీర. 24 పూలు కావాలి, అంటే 168 ముక్కలు, మధ్యలో దారులకి తెల్లబట్ట వేరే.

మొదటి థ్యాంక్స్ పెడన చెల్లికి. చీర ముక్కలు రెండు పూలకే సరిగ్గా రాలేదు, చిరుగులున్నాయి, అంటే తను కొత్త కలంకారీ ముక్కలు ఒక పెద్ద కవర్ నిండా పంపింది, డబ్బులు తీసుకోమంటే ఒప్పుకోలేదు. నేను ఆ ఆత్రంలో మూడు పూలు కుట్టేసి ఒకసారి తడిపి చూసేసరికి ఎరుపు దిగి తెల్లబట్టంతా గులాబీ రంగయిపోయింది, ఆ రాత్రి నిజంగా ఏడ్చా. పొద్దున్నే ఫోన్ చేస్తే "అక్కా, కుట్లు విప్పెయ్, ఎరుపు ముక్కలన్నీ విడిగా చన్నీళ్ళలో నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి నీడలో ఆరెయ్, అప్పుడు కొయ్యి" అంది. అలాగే చేసా, ఇప్పటిదాకా మళ్ళీ చుక్క దిగలేదు. కలంకారీతో కుట్టాలనుకునే వాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

పదకొండు పూలు అయ్యాక చెయ్యి విరిగింది. ఆరు వారాల కట్టు, డెలివరీ ఏప్రిల్లో. పక్కింటి పెద్దావిడ సూప్ పట్టుకుని చూడ్డానికి వచ్చి టేబుల్ మీద ముక్కల డబ్బా చూసింది, ఇది నేను తీసుకెళ్ళచ్చా అని అడిగింది. ఆవిడా ఇంకో నలుగురూ మంగళవారం మంగళవారం కూర్చుని కుట్టుకుంటారు. నన్నూ కార్లో తీసుకెళ్ళేది, నేను ఎడమ చేత్తో, బట్టని ఆరు పలకలుగా మడవడానికి లోపల పెట్టే కాగితం ముక్కలు అందిస్తూ కూర్చునేదాన్ని. ఒకావిడ ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని ఈ వాసన ఏంటి అంది. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో బట్టని ముందు నానబెడతారు, నలుపు బెల్లంలో తుప్పు పట్టిన ఇనుము ఊరబెట్టి తీస్తారు, ఎరుపుకి పటిక అద్దుతారు అని చెప్తే అందరూ సూదులు ఆపేసారు. మా బందరు రేవు నుంచి ఇలాంటి పూలబట్ట ఓడల్లో యూరప్ వెళ్ళేది, అక్కడ జనం ఎగబడి కొంటుంటే వాళ్ళ నేతగాళ్ళు గొడవ చేసి 1686లో ఫ్రాన్స్‌లో, 1721లో ఇంగ్లండ్‌లో నిషేధం పెట్టించారు అని కూడా చెప్పా. పక్కింటావిడ ఆ ముక్కని కాసేపు అలాగే అరచేతిలో పట్టుకుని "అయితే మీ ఇంటి బట్టే మా ఇంటికి వచ్చిందన్నమాట" అంది. నాకు గొంతు పట్టేసింది.

ఆ ఐదుగురిలో ఒకావిడకి చేతులు వణుకుతాయి. మిగతావాళ్ళవి ఇంచికి ఎనిమిది, తొమ్మిది కుట్లు, ఆవిడవి ఐదే, అవీ కొంచెం పక్కకి పోతాయి. ఒక పువ్వు మొత్తం ఆవిడే కుట్టింది, కింద ఎడమ మూల, నీలం మీద ఎర్ర మొగ్గలున్నది. బొంత విప్పగానే మా అమ్మాయి వేలు పెట్టి తడిమింది దాన్నే, పాప తల అటువైపే పెట్టింది.

ఇంక పూల సంగతి. అక్టోబర్లో పెరట్లో బ్లూబోనెట్ (ఇక్కడి నీలం అడవిపూల మొక్క) విత్తనాలు ఇసుక కాగితంతో కాస్త గీకి చల్లా, పైతొక్క గట్టిగా ఉంటుంది, గీకకపోతే కొన్ని ఏళ్ళ తరబడి మొలవవు. చలికాలమంతా నేలకి అంటుకుని చిన్న ఆకుల చక్రాల్లా ఉంటాయి, తెలియనివాళ్ళకి కలుపే. నా చెయ్యి కట్టులో ఉన్నప్పుడు గడ్డి కోసే అబ్బాయి మెషీన్ తోలబోతే ఎదురింటి అన్నయ్య పరుగెత్తుకొచ్చి ఆపారు, చుట్టూ తాడు కట్టారు, వాన లేని వారాల్లో నీళ్ళు కూడా ఆయనే పెట్టారు. అన్నయ్యా, మార్చి ఆఖరికి ఎలా విచ్చుకున్నాయో మీరే చూసారుగా! మన జనుము పూల ఆకారమే, అదే చిక్కుడు జాతి, రంగు మాత్రం నీలం. పువ్వు మధ్యలో తెల్ల మచ్చ ఉంటుంది, పువ్వు ముదిరేకొద్దీ అది ఎర్రబడుతుంది, తేనెటీగలు ఎర్రబడ్డవాటిని వదిలేసి తెల్లమచ్చ ఉన్నవాటి మీదే వాలతాయి. చేతికి వ్యాయామం చేస్తూ రోజూ అదే చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు వాటి పక్కన ఇండియన్ బ్లాంకెట్ మొదలైంది, మన పూల కొట్లలో గైలార్డియా అంటామే దాని చుట్టమే, ఎరుపు చుట్టూ పసుపు అంచు, అచ్చం కలంకారీ.

పెడన చెల్లికి, మంగళవారం ఐదుగురికి, ఎదురింటి అన్నయ్యకి, నెల రోజులు వంతులేసుకుని క్యారేజీలు పంపిన తెలుగు ఇళ్ళ వాళ్ళందరికీ మా ఇంటిల్లిపాది తరఫున దణ్ణాలు. గోంగూర పప్పు పంపినవాళ్ళ స్టీలు డబ్బా ఒకటి నా దగ్గరే ఉండిపోయింది, మూత మీద ఎర్ర దారం కట్టి ఉంది, ఎవరిదో చెప్పండి తెచ్చిస్తా. బ్లూబోనెట్ కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, గోధుమ రంగుకి తిరిగేదాకా కోయం. విత్తనాలు కావాల్సినవాళ్ళు చెప్పండి, అక్టోబర్‌కి కవర్లు కట్టి ఉంచుతా.