చలి లేని ఊరు వెతుకుతున్న మూర్తికి

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలూ చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. రిటైరయ్యాక ఎలా బతకాలా అని కాదు నీ బెంగ, మళ్ళీ పార పట్టుకుని మంచు ఎత్తాల్సి వస్తుందేమోనని. తప్పేం లేదులే. ఫిబ్రవరిలో తెల్లారుజామున వాకిట్లో వణుకుతూ నిలబడ్డ ఎవడికైనా సముద్రం బొమ్మ చూస్తే ప్రాణం లేచొస్తుంది.

కానీ నువ్వు పంపిన లిస్టులోవన్నీ జనవరిలో బాగుండే ఊళ్ళు. జనవరిలో అవి ఎవడికైనా నచ్చుతాయి. ఏడాదిలో ఆ ఊరికి ఏది పాడు నెలో, ఆ నెలంతా మీ ఇద్దరూ అక్కడ నెగ్గుకు రాగలరా? నేనైతే ముందు అది చూస్తాను.

అమెరికాలో ఎడారి ఊరు ఫీనిక్స్‌నే తీసుకో. పొడి ఎండ, ఉక్కపోత ఉండదు అన్నావు. నిజమే. కానీ 2023లో అక్కడ జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు పగటి ఎండ 43 డిగ్రీలకు తగ్గలేదు. ఎండ సంగతి అందరూ చెప్తారు, నన్ను భయపెట్టింది మాత్రం రాత్రిళ్ళు. ఆ జులైలో వరసగా 16 రాత్రులు 32 డిగ్రీల కిందకి దిగనేలేదు. ఒళ్ళు కాస్త తేరుకునేది రాత్రేగా! ఊరున్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది ఎండ వల్ల పోయినవాళ్ళు 645 మంది. మన వయసులో చెమట సరిగ్గా పట్టదు, దాహం వేస్తున్నట్టు తెలీదు. పైగా నువ్వు బీపీకి వేసుకునే నీరు తీసే మాత్ర ఉండనే ఉంది. ఎండాకాలం దాని మోతాదు సంగతేమిటో మీ డాక్టర్ని ఇప్పుడే అడుగు.

ఎండాకాలంలో నేనక్కడికి వెళ్ళినప్పుడు సీటుబెల్టు కొక్కెం తగిలి వేలు చురుక్కుమంది. మిట్టమధ్యాహ్నం వీధిలో పురుగన్నది లేదు. నాలుగు నెలలు హీటర్ పక్కన ముడుచుకునేవాళ్ళం కాస్తా నాలుగు నెలలు ఏసీ కింద ముడుచుకుంటాం. అంతేగా తేడా?

ఇక చెల్లెమ్మ మోకాళ్ళు. వెచ్చటి ఊరికెళ్తే నొప్పులు పోతాయని ఆవిడతో ఎవరో అన్నారట. ఆ ఎవరో ఏ ఊరో చెప్పలేదు చూశావా! బ్రిటన్‌లో 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. నొప్పులున్నవాళ్ళు రోజూ ఫోన్లో తమ బాధ ఎంతో నమోదు చేస్తే, ఆ రోజు వాతావరణంతో సరిపోల్చారు. తేలిందేమిటంటే, గాలిలో తేమ ఎక్కువగా, వాయుపీడనం తక్కువగా ఉన్న రోజుల్లో నొప్పి కాస్త పెరుగుతుంది. చలి మీద పడ్డ నింద కంటే తేమ మీద పడ్డదే ఎక్కువ. అంటే నీ లిస్టులో రెండో నంబరు, ఆ ఫ్లోరిడా సముద్రతీరం, ఆవిడ కోసం వెతకాల్సిన చోటేం కాదు.

ఆ తేమ ఏం చేస్తుందో నేను చూశాను. సముద్రానికి దగ్గర్లో అద్దెకున్నప్పుడు అలమారలో పెట్టిన తోలు బూట్లు రెండు వారాల్లో పచ్చటి బూజు కట్టాయి. ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పుపట్టి, తలుపు తీసినప్పుడల్లా ఇల్లంతా నిద్రలేచేది. పుస్తకాలు ఉబ్బాయి. ఇవన్నీ చిల్లర బాధలేలే, సర్దుకుపోవచ్చు. తుఫానుతో అలా కుదరదు. అక్కడ తుఫానుల కాలమంటే జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, సగం ఏడాది. 2022 సెప్టెంబర్‌లో ఇయన్ తుఫాను వచ్చి ఫోర్ట్ మైయర్స్ బీచ్‌ని ఊడ్చేసింది. నాకు ఇంకా ఎక్కువ గుర్తుండిపోయింది 2017 నాటి ఇర్మా. గాలి వెళ్ళిపోయింది, ఏసీకి కరెంటు రాలేదు, ఒక వృద్ధాశ్రమంలో 12 మంది ఆ వేడికే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే, 2018లో, అలాంటి చోట్ల జనరేటర్ ఉండి తీరాలని చట్టం చేశారు. నువ్వక్కడికే వెళ్తానంటే ఆపను. ఇల్లు ఎంత ఎత్తున ఉంది, ఇన్సూరెన్స్ ఎవరిస్తారు, నాలుగు రోజులు కరెంటు లేకపోతే ఏం చేస్తావు, ఈ మూడూ తేల్చుకున్నాకే బాల్కనీ లోంచి ఏం కనిపిస్తుందో చూడు.

కొండల మీది ఊళ్ళు నాకు ఎక్కువ ఇష్టం, ఆ పక్షపాతం కూడా లెక్కలో వేసుకో. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కొలంబియాలో మెడెయీన్ భూమధ్యరేఖకు దగ్గరే అయినా 1,500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఏడాది పొడుగునా పగలు 27, 28, రాత్రి 17. హీటరూ వద్దు, ఏసీ వద్దు. భూమధ్యరేఖకు మరీ దగ్గర కాబట్టి తుఫానుల గొడవా తక్కువే, అక్కడ గాలి సుడి తిరగడం కష్టం. మరి ఇబ్బందేమిటంటావా, ఊరంతా ఏటవాలు. చెల్లెమ్మ ఆ మెట్లూ మలుపులూ రోజూ ఎక్కి దిగాలి. ఇంకా పైకి, ఈక్వడార్‌లో కుయెంకా అయితే 2,500 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడొంతులే. నీ గుండె సంగతి నీకు తెలుసు, కార్డియాలజిస్టుని అడక్కుండా టికెట్ కొనకు.

థాయ్‌లాండ్‌లో చియాంగ్ మై బాగుందన్నావు. డిసెంబర్‌లో చాలా బాగుంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో తగలబెట్టే చెత్త, అడవి మంటలు కలిసి ఊరిని పొగ కమ్మేస్తుంది. కళ్ళు మండుతూ మూడు నెలలు తలుపులు బిడాయించుకోవాలి. అక్కడ శాశ్వతంగా ఉంటున్నవాళ్ళలో కూడా చాలామంది ఆ నెలల్లో మరెక్కడికో పోతారు.

నన్నడిగితే స్పెయిన్‌వాళ్ళ కానరీ దీవులు. సహారా ఎడారికి ఎదురుగా ఉన్నా చల్లటి సముద్ర ప్రవాహం, ఎప్పుడూ వీచే గాలులు ఎండని అదుపులో ఉంచుతాయి. అక్కడి లాస్ పాల్మాస్ ఊళ్ళో చలికాలం పగలు 21, వేసవిలో 27 చుట్టూ తిరుగుతుంది. అప్పుడప్పుడు ఎడారి దుమ్ము వచ్చి ఆకాశం మట్టిరంగుకి తిరుగుతుంది, దాన్ని కలీమా అంటారు. రెండు మూడు రోజులు దగ్గు. అలాగని చిన్న దీవిలో మాత్రం దిగకు. పెద్ద జబ్బు చేస్తే పెద్ద దీవికి విమానంలో తీసుకెళ్ళాలి.

పన్నులూ పెన్షనూ నీకు చెప్పేంతవాణ్ణి కాదు. చాలా దేశాల్లో ఏడాదికి 183 రోజులు దాటి ఉంటే పన్ను లెక్కలో అక్కడివాడివే. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాడు స్పెయిన్‌లో ఉంటే అది ఏటా పెరుగుతుంది, ఆస్ట్రేలియాకి మారితే ఉన్నచోటే ఆగిపోతుంది. అమెరికాలో పెద్దవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆ దేశం దాటితే దాదాపు పనిచెయ్యదు. కాగితాలు ముందు చూసుకో.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని తటపటాయించాను. ఊరు ఇద్దరికీ సరిపోతే చాలదురా. ఒకరే మిగిలినప్పుడు కూడా సరిపోవాలి. చెల్లెమ్మ కారు నడపదు. నువ్వు చూసిన ఇళ్ళలో ఒక్కదాన్నుంచైనా మందుల షాపుకి నడిచి వెళ్ళొచ్చా? బస్సుందా? అర్ధరాత్రి ఛాతీలో నొప్పొస్తే ఎక్కడ, ఎలా నొప్పిగా ఉందో ఆవిడ ఆ ఊరి భాషలో చెప్పగలదా? 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాడ్పులకు దాదాపు 15 వేలమంది పోయారు. ఎక్కువగా ముసలివాళ్ళే, చాలామంది ఒంటరిగా ఉన్నవాళ్ళు. ఇరుగుపొరుగంతా సెలవులకెళ్ళిపోయిన నెల అది. చలికాలం గడపడానికి వచ్చిపోయేవాళ్ళతో నిండిన ఊళ్ళోనూ అంతే, ఏప్రిల్ వచ్చేసరికి వీధి ఖాళీ. తలుపు తట్టి పలకరించేవాళ్ళు ఆగస్టులో ఎంతమంది ఉంటారో కనుక్కో.

కాబట్టి ఇల్లు అమ్మకు. కొనకు కూడా. ఎంచుకున్న ఊళ్ళో పాడు నెల చూసి అద్దెకు దిగు. దిగింది హోటల్ అయితే ఏమీ తెలీదు, కరెంటు బిల్లు నువ్వే కట్టే ఇల్లు కావాలి. వెళ్ళిన మొదటి వారంలోనే ఏదో చిన్న పనికి ఆసుపత్రికి వెళ్ళిరండి, ఎంతసేపు కూర్చోబెడతారో చూడండి. చెల్లెమ్మని బస్సులో ఒక్కర్తినే ఎక్కడికైనా వెళ్ళిరమ్మను, నువ్వు వెనకాల పడకు. తిరిగొచ్చాక ఆవిడ ఏమంటుందో నాకు రాయి. నీ అభిప్రాయం నాకెలాగూ తెలుసు.

ఆగస్టులో ఎక్కడ దిగుతున్నారో ఖాయం చేసుకుని చెబితే మేమూ వస్తాం. ఏసీ ఉన్న గది మాత్రం మాకే.

నీ
రఘు